కెజియాకు కప్పు వచ్చింది

మా హెర్మోను సంఘంలో పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య పిల్లలకు బాధ్యత తెలియడం లేదన్న సంగతి మా పెద్దలకు నాగార్జునసాగర్‌లో తెలిసింది. అంతకుముందు తెలియదు. అక్కడొక అతిథిగృహంలో "యౌవనస్థులు – బాధ్యత – శ్రేష్ఠత" అనే అంశం మీద సదస్సు పెడితే, మా పాస్టరేట్ కమిటీ మొత్తం వ్యాను మాట్లాడుకుని వెళ్లింది. పిల్లల్ని తీసుకెళ్లలేదు. వాళ్లకు పరీక్షలున్నాయి, వ్యానులో చోటు లేదు, పైగా వాళ్ల గురించి మాట్లాడుకునే చోట వాళ్లు ఉంటే బాగుండదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో నీలం రంగు సంచీ, డ్యాము ముందు దిగిన ఫొటో, ముఖంలో ఒక దర్శనం ఉన్నాయి. అందరికంటే ఎక్కువ దర్శనం కలిగింది మా కార్యదర్శి ఫిలేమోను గారికి. ఆయన మండల విద్యాధికారిగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని ఆ భాష వదల్లేదు. భోజనం దగ్గర కూర అడగాలన్నా "సదరు గిన్నెను ఇటు పంపవలసినది" అంటారని వాళ్ల కోడలు చెబుతుంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన మైకు ముందుకొచ్చారు.

"ఇందుమూలముగా యావత్తు సంఘమునకు తెలియజేయునది ఏమనగా, నేటి యౌవనస్థుడు బాధ్యతారహితుడై, సెల్‌ఫోను నందు తలదూర్చి, శ్రేష్ఠతకు దూరముగా జీవించుచున్నాడు. ఇకమీదట మన సంఘమందలి ప్రతి యౌవనస్థునికి, యౌవనస్థురాలికి ఒక్కొక్క బాధ్యత అప్పగించవలెనని కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించినది."

అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. మా పాస్టరు అయ్యగారు మంచివారు. ఎవరేం చెప్పినా ప్రార్థన చేద్దాం అంటారు.

ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. పిల్లలు సంతోషించారు. ఎర్ర రిబ్బను కుచ్చు కింద బంగారు రంగు అక్షరాలతో "బాధ్యుడు", "బాధ్యురాలు" అని రాసిన బ్యాడ్జీలు చొక్కాలకు పెడుతుంటే, వెనక బెంచీలో కూర్చుని గుసగుసలాడే పిల్లలు కూడా నిటారుగా నిలబడ్డారు. పదో తరగతి చదివే అబ్నేరుకు గంట బాధ్యత వచ్చింది. వాడికి పాకే వయసు నుంచి ఆ గంట తాడంటే పిచ్చి. మరుసటి ఆదివారం వాడు తెల్లవారకముందే తలంటుకుని గంటస్తంభం దగ్గరికి వచ్చాడు.

అక్కడ సంఘపెద్ద నతానియేలు గారు తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన రైల్వేలో గార్డుగా చేశారు. గంట, చర్చి ఆస్తులు రెండూ ఎంతోకాలంగా ఆయన చేతిలోనే ఉన్నాయి. పిల్లలందరికీ ఆయన తాతే.

"తాతా, తాడు ఇటివ్వవా?" అన్నాడు అబ్నేరు.

"తాడెందుకురా నీకు?"

"గంట బాధ్యత నాది గదా."

"బాధ్యత నీదే. తాడు కమిటీది. నువ్వు లాగితే తెగిందనుకో, ఎవరు చెప్పాలి సమాధానం?"

"నేనే గదా తాతా చెప్పాలి, బాధ్యుణ్ణి నేనైతే."

నతానియేలు గారు కాసేపు ఆలోచించారు. "అందుకే, నువ్వు పక్కన నిలబడు," అని గంట కొట్టారు. అబ్నేరు బ్యాడ్జీ సర్దుకుని పక్కన నిలబడ్డాడు.

ఆ తర్వాతి వారం నతానియేలు గారి మనవడి పుట్టినరోజు వచ్చి గంట ఆలస్యంగా మోగింది. సాయంత్రం కమిటీ అబ్నేరును పిలిపించింది.

"గంట విలంబమునకు కారణమేమి?" అన్నారు ఫిలేమోను గారు.

"తాత రాలేదండి."

"తాత ఎందుకు రాలేదన్నది ఇచట ప్రశ్న కాదు. గంట ఎవరి బాధ్యత?"

"నాదేనండి."

"మరి?"

అబ్నేరు క్షమించమని కాగితం రాసిచ్చి ఇంటికెళ్లాడు. ఆ సాయంత్రం కమిటీ గదిలో ఉన్న పెద్దలందరికీ ఒకేసారి ఒక విషయం వెలిగిందని నా నమ్మకం. పని మన దగ్గరే ఉంచుకుని బాధ్యత మాత్రం పిల్లలకిస్తే ప్రాణానికి ఎంత హాయిగా ఉంటుందో సాగర్ సదస్సులో కూడా ఎవరూ చెప్పలేదు.

అక్కడి నుంచి పథకం పరుగందుకుంది. స్త్రీల సమాజం వంటగదిలోకి మగపిల్లల్ని అడుగు పెట్టనివ్వదు. అయినా ప్రేమవిందు బిర్యానీలో ఉప్పు ఎక్కువైనప్పుడు లేచి నిలబడడానికి ఒక ఉప్పు బాధ్యుణ్ణి నియమించారు. ముందు బెంచీ మీద ఎవరు కూర్చోవాలన్న తగాదాతో రెండు పెద్ద కుటుంబాలు ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం లేదు. దానికి ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి సఖ్యతా బాధ్యుణ్ణి చేశారు. ఆ కుటుంబాలు మొహాలు తిప్పుకున్నప్పుడల్లా వాడు ఇటువైపొకసారి, అటువైపొకసారి వెళ్లి దణ్ణం పెట్టి తప్పు ఒప్పుకునేవాడు. అయ్యగారి ప్రసంగం గంట దాటినప్పుడు సమయపాలన బాధ్యురాలైన తొమ్మిదో తరగతి పిల్ల లేచి సంఘాన్ని క్షమాపణ కోరేది. అయ్యగారు పెద్దమనసుతో ఆమెను క్షమించి, ప్రసంగం కొనసాగించేవారు.

వానలు మొదలయ్యేసరికి మా సంఘంలో ఇరవై దాటినవాళ్లలో తప్పు చేసినవాడంటూ ఒక్కడూ మిగల్లేదు. ఆత్మీయ ఉజ్జీవం అంటే ఇదేనని చాలామంది సాక్ష్యం చెప్పారు.

ఇక శ్రేష్ఠత. దానికి విడిగా ఉపసంఘం వేశారు. అది ముందుగా పిల్లల గాయక బృందం మీద పడింది. ఇరవైమంది పిల్లలు, సగంమంది శ్రుతిలోను, సగంమంది శ్రుతి పక్కన నడుస్తూను ఇన్నాళ్లూ ఉత్సాహంగా పాడుకుంటూ వచ్చారు. "దేవునికి అర్పించునది శ్రేష్ఠమైనదై ఉండవలెను," అని ఉపసంఘం విజయవాడ నుంచి ఒక కీబోర్డు మాస్టారిని పిలిపించి పరీక్ష పెట్టింది. ఒకే ఒక్క కుర్రాడు నెగ్గాడు. వాడికి ఒంటరిగా నిలబడి పాడాలంటే సిగ్గు. అందుకని బృందం మొత్తాన్ని తెల్ల అంగీలతో నిలబెట్టి, ఫోనులోంచి ఎవరో పాడిన పాట స్పీకరులో పెట్టి, పెదవులు కలపమన్నారు. శ్రేష్ఠతకు ఎక్కడా లోటు రాలేదు.

పెదవులు కలపడంలో కూడా ఒక పిల్ల రెండు వారాలు తప్పింది. పాట ముగిశాక ఆమె నోరు ఇంకా కదులుతోందని ఫిర్యాదు వచ్చింది. ఆమె పేరు కెజియా.

కెజియా ఇంటర్ మొదటి సంవత్సరం. ప్రార్థనలో నవ్వొస్తే ఆపుకోలేని పిల్ల. తండ్రి లారీ తోలతాడు, నెలకోసారి వస్తాడు. తల్లి రూతమ్మ ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. బృందంలోంచి తీసేశాక కెజియాకు ఏ బాధ్యతా లేకుండా పోయింది. సంఘంలో ఒక యౌవనస్థురాలు బాధ్యత లేకుండా తిరగడం ప్రమాదకరమని కమిటీ జాబితా తిరగేస్తే ఒకటే మిగిలి ఉంది. ఫెలోషిప్ హాలు పైకప్పు.

చర్చి పక్కనే ఉన్న ఆ హాలు దొరల కాలంలో బడి కోసం కట్టింది. టేకు దూలాలు వేసి, వాటి మీద ఇటుకా సున్నమూ పరిచిన పాత మిద్దె. ఆదివారం బడి చిన్నపిల్లలకు అక్కడే పాఠాలు, బుధవారం ఆడవాళ్లకు అక్కడే ప్రార్థన. వాన పడితే లోపల బకెట్లు పెట్టేవాళ్లం. ప్రతి సంవత్సరం ఆస్తుల ఉపసంఘంలో కప్పు మాట వచ్చేది, ప్రతి సంవత్సరం నతానియేలు గారు "ఈ వానాకాలం పోనివ్వండి" అనేవారు. వానాకాలాలు ఆయన మాట విని పోతూనే ఉన్నాయి.

కెజియాకు కప్పు వచ్చిందని తెలిసి, మెట్ట వీధి నుంచి ఒక పెద్దావిడ రూతమ్మ దగ్గరికి వచ్చి "ఏం పోటీలో గెలిచిందమ్మా" అని అడిగి, స్వీట్లు పెడతారేమోనని కాసేపు కూర్చుంది. కెజియా అది తలుచుకున్నప్పుడల్లా నవ్వింది.

మూడో ఆదివారం ఆ నవ్వు ఆగింది. బడి జరుగుతుండగా పైనుంచి చేటంత పెచ్చు ఊడి, బంతి చామంతుల గౌను వేసుకున్న ఒక నాలుగేళ్ల పిల్ల పక్కన పడింది. పలక ముక్కలైంది. పిల్లకు ఏమీ కాలేదు. ఏడ్చింది, చాక్లెట్టు ఇస్తే ఊరుకుంది. సాయంత్రం కమిటీ కెజియాను పిలిచి, పెచ్చు ఊడుటకు కారణము తెలుపవలసినదిగా అడిగింది. కెజియా తెలియదంది. తెలియకపోవడమే బాధ్యతారాహిత్యమని చెప్పి పంపారు.

ఆమె తిన్నగా ఇంటికి పోకుండా హాల్లోకి వెళ్లి పైకి చూసింది. పుట్టినప్పటి నుంచి ఆ హాల్లో ఆడుకున్న పిల్ల, తలెత్తి ఆ కప్పును చూడడం అదే మొదటిసారి. ఇటుకల మధ్య సున్నం జారిపోయి చీకటి కనిపిస్తోంది. నడి దూలం పొట్ట కిందికి జారినట్టుంది.

అబ్నేరును పిలిచి, క్రిస్మస్ నక్షత్రాలు కట్టే నిచ్చెన తెప్పించి ఎక్కింది.

"జాగ్రత్తక్కా. నిచ్చెన బాధ్యత ఎవరిదో నాకు తెలియదు," అన్నాడు అబ్నేరు కింద పట్టుకుని.

గొడుగు కొనతో ఆమె దూలాన్ని పొడిచి చూసింది. ఉడికిన చిలగడదుంపలోకి పుల్ల దిగినట్టు దిగిపోయింది. బయటికి లాగితే చెదపురుగులూ పొట్టూ ఆమె జుట్టు మీద రాలాయి. ఆమె కిందికి దిగి, మెట్టు మీద కూర్చుంది.

"ఏంటక్కా?"

"లోపల ఏమీ లేదురా. పైన రంగే ఉంది."

నతానియేలు గారి దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన చెప్పుల వైపు చూస్తూ విన్నారు. "పైకెందుకు ఎక్కావమ్మా, ఆడపిల్లవి," అన్నారు ముందు. తర్వాత, "ఆ దూలం సంగతి నాకు తెలుసులే," అన్నారు.

కమిటీకి చెప్పింది. ఫిలేమోను గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నీవు పరిధిని అతిక్రమించుచున్నావు. కప్పు బాధ్యత నీది. కప్పు నీది కాదు."

"మరి బాగుచేయించేది ఎవరండీ?"

"ఆస్తుల ఉపసంఘము."

"వాళ్లతో చెప్పండి మరి."

"ఆ ఉపసంఘమునకు కోరం లేదు. కోరం లేనందుకు బాధ్యురాలిని త్వరలో నియమించెదము. అంతవరకు నీవు ప్రార్థనాపూర్వకముగా బాధ్యత వహించుచుండుము."

"వహించడమంటే ఏం చెయ్యాలండీ?"

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. కమిటీ ఒకరి మొహాలొకరు చూసుకుంది. అయ్యగారు ప్రార్థన చేద్దాం అన్నారు.

ఆ సమావేశంలోనే మరో శుభవార్త చదివారు. మా సంఘం యౌవన పథకం కీర్తి డయోసిస్ దాకా పాకి, స్వయంగా బిషప్ గారు శ్రేష్ఠతా దినోత్సవానికి రావడానికి ఒప్పుకున్నారు. పిల్లలందరూ ఫెలోషిప్ హాల్లో అభినయ గీతం చేయాలి. బిషప్ గారు తలెత్తి చూసినా ఇబ్బంది లేకుండా కప్పుకు సున్నం వేయించాలని అప్పటికప్పుడు తీర్మానించారు. రెండు రోజుల్లో కప్పు పెళ్లికూతురిలా తయారైంది. చెదపురుగులు కూడా తెల్లబడ్డాయని అబ్నేరు అన్నాడు.

రాత్రి భోజనం దగ్గర కెజియా తల్లితో చెప్పింది.

"వాళ్లేదో ఊరికే పెట్టారే ఆ పేరు. నువ్వు నిజమనుకుంటే ఎట్లా," అంది రూతమ్మ.

"అది పడితే కూడా ఊరికేనా అమ్మా? ఆ రోజు పిల్లలు అరవైమంది ఉంటారు లోపల. నా బ్యాడ్జీ పెట్టుకుని నేను గుమ్మంలో నిలబడాలంట. వచ్చినోళ్లకి పన్నీరు చల్లాలంట."

రూతమ్మ కంచం ముందు చాలాసేపు కూర్చుంది.

దినోత్సవం నాడు పొద్దున షామియానా కుర్రాళ్లు హాలు తెరవడానికి పోతే, కమిటీ తాళం పక్కన మరో తాళం వేలాడుతోంది. బజారులో కొన్న కొత్త ఇత్తడి తాళం. మెట్టు మీద కెజియా కూర్చుని ఉంది. పట్టులంగా, ఓణీ, బ్యాడ్జీ. పక్కన అబ్నేరు. కబురు వెళ్లగానే ఫిలేమోను గారు కోటు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చారు.

"ఏమిది?"

"తాళమండి."

"ఎవరి అనుమతితో?"

"అనుమతి అడగలేదండి. అడిగితే ఇవ్వరు గదండి."

"తాళపుచెవి ఇటు దాఖలు చేయుము."

"ఇవ్వనండి." ఆమె కళ్లు తుడుచుకుంది గాని కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. "పిల్లల మీద కప్పు పడితే రేపు మీరు నన్ను పిలిచి కారణం అడుగుతారు. నాకు చెప్పడానికి ఏమీ ఉండదండి. ఇవాళైతే ఉంది."

"బాధ్యత నీకిచ్చినది సంఘము. అధికారము సంఘము వద్దనే ఉన్నది. ఈ రెండును ఒకటి కాదు."

"అది నాకు తెలియదండి. నాకు ఒకటే ఇచ్చారు."

ఆడవాళ్లు మూగారు. ఎవరో పొగరంటున్నారు, ఎవరో తల్లి పెంపకమంటున్నారు. ఆ తల్లి గుంపులోంచి దారి చేసుకుంటూ టిఫిన్ డబ్బాతో వచ్చింది. వచ్చి, కూతురి పక్కన మెట్టు మీద కూర్చుని డబ్బా మూత తీసింది. ఉప్మా. "పొద్దున్నుంచి ఏం తినలేదిది," అంది ఎవరితోనూ కాకుండా. ఉద్యోగరీత్యా ఆ గుంపులో సగంమందికి పురుళ్లు పోసిన మనిషి ఆవిడ. గొణుగుడు తగ్గింది.

ఫిలేమోను గారు నతానియేలు గారి వైపు తిరిగి, "పెద్దలు మీరు, చెప్పండి," అన్నారు. నతానియేలు గారు చెప్పబోయి, పిల్ల బ్యాడ్జీ వైపు చూసి, దగ్గు వచ్చినట్టు పక్కకు వెళ్లిపోయారు.

అంతలో బాణాసంచా పేలింది. బిషప్ గారి కారు గేటులోకి వచ్చింది. దండలు పడ్డాయి. ఊదారంగు అంగీలో చెమటలు కక్కుతూ బిషప్ గారు హాలు దాకా నడిచొచ్చి, తాళం, పిల్ల, ఉప్మా చూసి ఆగిపోయారు.

"ఏమిటమ్మా ఇది?"

కెజియా లేచి నిలబడింది. "వందనాలండి. ఈ హాలు కప్పుకు నేను బాధ్యురాలినండి. అది పడిపోయేట్టుంది. అందుకని లోపలికి ఎవర్నీ పంపట్లేదండి."

అందరూ ఫిలేమోను గారిని చూశారు. ఆ బ్యాడ్జీకి అర్థం లేదని బిషప్ గారి ముందు చెబితే, ఆయన వచ్చిన పనికే అర్థం లేకుండా పోతుంది. అర్థం ఉందంటే తాళం ఉంచాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో సంపాదించిన తెలివంతా ఆయనకు ఆ క్షణంలో అక్కరకొచ్చింది.

"ఇది ప్రదర్శన, మహాఘనులైన బిషప్ గారూ," అన్నారు. "యౌవనస్థులు బాధ్యత ఎట్లు వహించవలెనో తెలుపు చిన్న నాటిక."

బిషప్ గారి ముఖం వికసించింది. "ఎంత సహజంగా చేస్తోంది ఈ బిడ్డ. కన్నీళ్లు కూడా నిజంగా వస్తున్నాయి," అని చప్పట్లు కొట్టారు. అందరం కొట్టాం. "ఈ నాటిక స్ఫూర్తి చెడకూడదు. కార్యక్రమం బయటే జరిపిద్దాం," అన్నారు.

పిల్లలు ఎండలో అభినయ గీతం చేశారు. బిషప్ గారు ఎండలోనే ప్రసంగించారు, అందువల్ల త్వరగా ముగించారు. ఉత్తమ నటన అంటూ కెజియాకు శాలువా కప్పారు. ఆమె ఆ శాలువాతోనే మళ్లీ వెళ్లి మెట్టు మీద కూర్చుంది.

సోమవారం ఫిలేమోను గారు ఇనుప రంపంతో తాళం కోయించారు. నాటిక ముగిసిందని నోటీసు బోర్డులో రాయించారు. బుధవారం మూడింటికి ఆడవాళ్ల ప్రార్థన మామూలుగా హాల్లోనే జరుగుతుందని అదే నోటీసులో ఉంది.

బుధవారం పొద్దున్నుంచి ముసురు పట్టింది. మధ్యాహ్నం ఊరంతా అన్నాలు తింటుండగా పెద్ద చప్పుడు వినిపించింది. పరుగెత్తి వెళ్లి చూస్తే నాలుగు గోడలు ఉన్నాయి, మధ్యలో ఆకాశం ఉంది. ప్రార్థన కోసం ముందుగా పరిచి ఉంచిన చాపల మీద దూలాలు, ఇటుకలు, కొత్త సున్నం కుప్పగా పడి ఉన్నాయి. వాన ఆ కుప్ప మీద నిదానంగా కురుస్తోంది. మూడింటికి రావలసిన ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, ఎవరి చాప ఏదో గుర్తుపట్టడానికి ప్రయత్నించారు.

ఆదివారం సర్వసభ్య సమావేశం జరిగింది. ఫిలేమోను గారు తీర్మానాలు చదివారు. ప్రాణనష్టము లేకుండా కాపాడిన దేవునికి స్తోత్రము. ముందుచూపుతో కప్పునకు బాధ్యురాలిని నియమించిన కమిటీకి అభినందన. తన బాధ్యతలో ఉన్న కప్పు కూలిపోవుటకు కారణము తెలుపవలసినదిగా కుమారి కెజియాకు తాఖీదు.

కెజియా లేచింది.

"కప్పు నా బాధ్యతేనండి. నేను కాదనట్లేదు. పడుద్దని చెప్పాను, పడింది. ఇంకేం చెప్పాలో మీరే చెప్పండి, రాసిస్తాను."

పెద్దల బెంచీ కిర్రుమంది. నతానియేలు గారు లేచి నిలబడ్డారు.

"ఆ పిల్లను కూర్చోనివ్వండయ్యా," అన్నారు. "ఆ కప్పు పాడైందని నాకు తెలుసు. ఆమె పొడిచి చూడకముందే తెలుసు. బాగుచేయాలంటే అందరి ఇళ్లకూ తిరగాలి, చందాలడగాలి, మాటలు పడాలి. నాకు బద్ధకం వేసింది. ఏటేటా పోనిమ్మన్నాను. మొన్న బుధవారం నా భార్య చాప కూడా ఆ దూలం కిందే ఉంది. ఆ తప్పు నాది. రాసుకోండి."

మా సంఘంలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. ఫిలేమోను గారు చేతిలో కాగితాలు అటూ ఇటూ తిరగేశారు. పక్కనున్నవారితో గుసగుసలాడారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"పెద్దల మనోభావములను సంఘము గౌరవించుచున్నది. అయితే పథకము నిబంధనల ప్రకారము బాధ్యత వహించుటకు అర్హత పదమూడు మొదలు పందొమ్మిది సంవత్సరములు. నతానియేలు గారు డెబ్బదిరెండవ ఏట ఉన్నారు. కావున వారి ఒప్పుకోలు చెల్లదు."

"నేను చేసిన తప్పు నేను ఒప్పుకోడానికి వయసేంటయ్యా?"

"నిబంధన, అండి. నేనేమి చేయగలను."

నతానియేలు గారు కూర్చోకుండా, బెంచీల మధ్యగా నడిచి కెజియా దగ్గరికి వచ్చారు. "ఏం చెయ్యమంటావమ్మా?" అన్నారు. నిజంగానే అడిగారు.

కెజియా తల గోక్కుంది. "ఏమో తాతయ్యా. ముందు ఆ ఇటుకలూ రద్దూ ఎత్తాలి గదా. చిన్నపిల్లలు అటు పోయి ఆడుతున్నారు, మేకులు గుచ్చుకుంటాయి."

తీర్మానం సంగతి తేలకుండానే వాళ్లిద్దరూ బయటికి వెళ్లారు. అబ్నేరు వెళ్లాడు. ఉప్పు బాధ్యుడు, సఖ్యతా బాధ్యుడు, సమయపాలన బాధ్యురాలు లేచారు. అంగీలు వేసుకున్న గాయక బృందం అంగీలు విప్పి బెంచీల మీద పడేసి వెళ్లింది. అయ్యగారు ప్రార్థన చేద్దాం అనబోయి, కిటికీలోంచి చూసి, చొక్కా చేతులు మడుచుకుంటూ ఆయనా వెళ్లారు. మైకు ముందు ఫిలేమోను గారు, వినేవాళ్లలో మేం కొందరం మిగిలాం. ఆయన మినిట్స్ పుస్తకం మూసి, ఏం జరుగుతోందో పరిశీలించడానికి బయలుదేరారు. నేనూ వెనకే వెళ్లాను.

హాల్లో దుమ్ము లేస్తోంది. పిల్లలు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చుతున్నారు. మూతికి తువాళ్లు కట్టుకున్నారు. రూతమ్మ ఒక కుర్రాడి అరచేతిలో మేకు గాయానికి అయోడిన్ రాస్తోంది. నడి దూలం పొడుగ్గా అడ్డం పడి ఉంది. దాని ఒక కొస నతానియేలు గారు, కెజియా పట్టుకున్నారు. మధ్యలో అయ్యగారు, అబ్నేరు. రెండో కొస నేల మీదే ఉంది.

"ఈ పని ఎవరి ఉత్తర్వు మేరకు జరుగుచున్నది?" అని అడిగారు ఫిలేమోను గారు.

ఎవరూ జవాబివ్వలేదు. మూతులకు తువాళ్లున్నాయి, పైగా బరువు మోస్తున్నారు.

"అంకుల్," అంది కెజియా ఊపిరి బిగబట్టి, "ఆ కొస పట్టుకోండి. జారిపోతంది."

ఆయన నా వైపు చూశారు. నేను అప్పటికే ఇటుకల వరసలో నిలబడి ఉన్నాను. చుట్టూ చూశారు. చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఆయనొక్కరే. దూలం ఒకసారి ఊగింది.

ఫిలేమోను గారు మినిట్స్ పుస్తకం చంకలో పెట్టుకుని, వంగి, ఆ కొస పట్టుకున్నారు. ఏ హోదాలో పట్టుకున్నారో మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా నమోదు కాలేదు.